ట్రాన్స్ యువతలో ఆత్మహత్య ముప్పు: ఇంటివాళ్ళ చేతిలో ఏముంది?

అడిగినది ఒక అక్క. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్న 20 ఏళ్ళ తమ్ముడు తాను అమ్మాయినని ఇంట్లో చెప్పింది, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటోంది. నెట్‌లో శాతాలు చదివి అమ్మానాన్నలు బెంబేలెత్తిపోయారు. ట్రాన్స్ కావడం (పుట్టినప్పుడు రాసిన లింగం ఒకటి, తన గుర్తింపు వేరొకటి కావడం) వల్లే ఈ ముప్పు ఉంటుందా, ఇంట్లోవాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా? ఇదీ ప్రశ్న. ఇక్కడినుంచి మీ చెల్లి అనే రాస్తాను.

ముందుగా, మీ చెల్లి ఇప్పుడు ప్రమాదంలో ఉందేమో తేల్చుకోండి. దానికి అడగడమే దారి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని ఆ మాటతోనే అడగాలి. ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా’ అంటే ‘లేవు’ అనే జవాబే వస్తుంది, ఎందుకంటే మీకు కావలసింది అదేనని తనకు అర్థమైపోతుంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. దీనిమీద జరిగిన అధ్యయనాల్లో అలా తేలలేదు. అవునంటే ఇంకో మూడు అడగండి: ఎలా అన్నది ఆలోచించావా, ఎప్పుడు అని అనుకున్నావా, అందుకు కావలసింది దగ్గర పెట్టుకున్నావా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఆ రాత్రి తనను ఒంటరిగా వదలకూడదు. మీరు ఫోన్లో ఉంటే లైన్ పెట్టేయకుండా, హాస్టల్లో తను నమ్మే ఒకరిని గదికి పంపండి. వార్డెన్‌కు చెప్పాల్సి వస్తే ‘ఆరోగ్యం బాగాలేదు, పక్కన ఒకరుండాలి’ అంటే చాలు. ట్రాన్స్ అన్న సంగతి తన అనుమతి లేకుండా ఎవరికీ చెప్పొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒంటికి ఇప్పటికే హాని జరిగి ఉంటే 108.

ఇక శాతాల సంగతి. మన దేశంలో ట్రాన్స్ వ్యక్తుల ఆత్మహత్యల గురించి దేశమంతటికీ వర్తించే ఇంటింటి సర్వే ఏదీ నాకు కనబడలేదు కాబట్టి, ‘భారత్‌లో ఇంత శాతం’ అని ఒకే అంకె చెప్పే పోస్టులను పక్కన పెట్టండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్క మరో చివర ఉంటుంది. 2021లో దేశం మొత్తం మీద ట్రాన్స్‌జెండర్ కాలమ్‌లో 28 ఆత్మహత్యలు, 2022లో కూడా 28. ఆ రెండో ఏడాది మొత్తం ఆత్మహత్యలు 1,70,924. అంత తక్కువ రావడానికి కారణం తేలికే. ఎఫ్‌ఐఆర్‌లోనూ పోస్టుమార్టంలోనూ ఆధార్ మీద ఉన్నదో, ఇంటివాళ్ళు చెప్పినదో రాస్తారు. 2011 జనగణనలో ‘ఇతరులు’ కింద నమోదైనవారు దేశంలో 4.87 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఈ లెక్కా తక్కువేనని ఆ రంగంలో పనిచేసేవాళ్ళంతా అంటారు.

నమ్మదగ్గ అంకెలు బయటి దేశాలవి. డెన్మార్క్‌లో జాతీయ రిజిస్టర్ల ఆధారంగా 1980 నుంచి 2021 వరకు చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. ట్రాన్స్ వ్యక్తుల్లో ఆత్మహత్యాయత్నాలు మిగతావారికంటే 7.7 రెట్లు, ఆత్మహత్య మరణాలు 3.5 రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. అమెరికాలో 2015లో 27,715 మంది జవాబిచ్చిన సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రయత్నించామన్నవారు 40 శాతం. మీ అమ్మానాన్నలు చదివింది ఈ అంకె తాలూకు ఏదో రూపమే అయి ఉంటుంది. ఆ సర్వేలో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళే పాల్గొన్నారు. పైగా అది జీవితకాలపు లెక్క, ‘ఈ ఏడాది సగం మంది’ అని దానర్థం కాదు.

మీకు పనికొచ్చే అంకె అదే సర్వేలో లోపల ఉంది. కుటుంబం అండగా ఉందన్నవారిలో జీవితకాలపు ప్రయత్నం 37 శాతం, అండగా లేదన్నవారిలో 54 శాతం. ఆ డేటానే మళ్ళీ విశ్లేషిస్తే, గడిచిన ఏడాదిలో నాలుగు రకాల వివక్షనూ హింసనూ ఎదుర్కొన్నవారిలో 51 శాతం మంది ఆ ఏడాదిలోనే ప్రయత్నించారు. కెనడాలోని ఒంటారియోలో 16 నుంచి 24 ఏళ్ళ వారిని అడిగితే, తల్లిదండ్రులు గట్టిగా తోడున్నవారిలో ఏడాదిలో ప్రయత్నించినవారు 4 శాతం, అలా తోడు లేనివారిలో 57 శాతం. అడిగింది 84 మందినే కాబట్టి ఆ 4నూ 57నూ పట్టుకుని వేలాడను. కానీ ఎక్కడ చూసినా అంకెలు ఇటువైపే మొగ్గుతాయి.

అంటే ముప్పు తీవ్రత మనిషి చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి మారుతోంది. విషయం బయటపడ్డాక చుట్టుపక్కలవాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటారు: ముందు మాటలు, తర్వాత ఫోన్, ఫీజు, చివరికి ఇల్లు. 18-25 మధ్య ఇది మరీ పదును. చట్టం దృష్టిలో మేజరే, కానీ ఫీజు, హాస్టల్, సెల్ రీఛార్జి అన్నీ నాన్న జేబులోంచే రావాలి. చిన్నపిల్లలకుండే రక్షణ ఉండదు, పెద్దవాళ్ళకుండే జీతమూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ట్రాన్స్ గుర్తింపును మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డిప్రెషన్ రావచ్చు, దానికి విడిగా వైద్యం చేయించాలి. గుర్తింపుకు వైద్యం అక్కర్లేదు.

మన ఇళ్ళల్లో ఈ ముప్పు ఒక ప్రత్యేకమైన మాటలో బయటపడుతుంది. ‘నా వల్ల అక్క పెళ్ళి ఆగిపోతుంది.’ ‘నాన్న ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాడు.’ నేను ఇంటికి బరువు, నేను లేకపోతే వీళ్ళకు హాయి అన్న నమ్మకం ఆత్మహత్య ఆలోచనను గట్టిపరిచే వాటిలో ముఖ్యమైనది. తనకు ఇక్కడ చోటు లేదన్న భావం కూడా తోడైతే ఇంకా ప్రమాదం. ఇందులో మీరొక్కరే చేయగలిగింది ఒకటుంది. మీ పెళ్ళి సంబంధాల విషయం ఇంట్లో తన ఎదుట ఎత్తనివ్వకండి. తనతో నేరుగా చెప్పండి: ‘నా పెళ్ళి నా సమస్య, దానికి నువ్వు కారణం కావు.’ ఒక్కసారి చెబితే నమ్మదు. మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

అమ్మానాన్నల సంగతికొస్తే, వాళ్ళు వెంటనే అన్నీ ఒప్పుకోవాలని పట్టుబట్టకండి. ఇది ఏడాది పట్టే పని, రెండేళ్ళూ పట్టొచ్చు. ఆలోపు నాలుగింటి జోలికి పోకుండా చూస్తే చాలు: ఫీజు, హాస్టల్, ఫోన్, జుట్టు. చివరిది చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతాయి. ‘సంక్రాంతికి చుట్టాలొస్తారు, కటింగ్ చేయించుకునే రా’ అన్న మాట తర్వాతి వారం గమనించాల్సిన వారం. అలాగే ఇంట్లో పెళ్ళి, పరీక్షల ఫలితాలు, హాస్టల్ ఖాళీ చేసే రోజు, పెళ్ళిచూపుల మాట. ఇవి క్యాలెండర్లో ముందే కనబడతాయి కాబట్టి ఆ రోజులకు ముందూ వెనకా మీరు రోజూ ఫోన్ చేసేలా పెట్టుకోండి.

ఇంటివాళ్ళు ప్రేమతోనే చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ‘స్నేహితుల వల్ల చెడిపోయింది’ అని ఫోన్ లాక్కోవడం వాటిలో మొదటిది. కష్టం వచ్చినప్పుడు తను ఫోన్ చేసేది ఆ స్నేహితులకే, ఆ దారి మూసేసినట్టవుతుంది. చదువు మాన్పించి ఇంటికి తెచ్చేస్తే ఒంటరితనమూ నిఘా రెండూ ఒకేసారి మొదలవుతాయి. స్వామీజీ దగ్గరకో, ‘మామూలుగా మార్చేస్తా’నన్న డాక్టరు దగ్గరకో తీసుకెళ్ళడం అన్నిటిలోకీ హానికరం. గుర్తింపును మార్చేస్తామనే ఇలాంటి ‘మార్పిడి చికిత్సల’ మీద మద్రాసు హైకోర్టు 2021 జూన్‌లో సుష్మ కేసులో కఠినంగా చెప్పింది. ఆ తర్వాత 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వైద్యవృత్తిలో దుష్ప్రవర్తనగా ప్రకటించింది. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్లోనే అడగండి: ‘ట్రాన్స్ వ్యక్తులను చూస్తారా? డిప్రెషన్‌కు వైద్యం చేస్తారా, గుర్తింపు మారుస్తామంటారా? తనతో విడిగా మాట్లాడతారా?’ మూడోదానికి ‘తల్లిదండ్రుల ముందే మాట్లాడతాం’ అంటే వేరే డాక్టరును చూసుకోండి.

పేరు విషయం చాలామంది ‘తర్వాత చూద్దాం’ అంటారు. నా లెక్కలో అది ముందు వరసలోదే. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమెరికాలో 15-21 ఏళ్ళ ట్రాన్స్ యువత 129 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఇల్లు, బడి, పని, స్నేహితులు అనే నాలుగు చోట్లలో, తాను ఎంచుకున్న పేరుతో పిలిపించుకునే చోటు ఒకటి పెరిగితే ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ప్రయత్నాల వంటి ప్రవర్తన 56 శాతం తక్కువగా కనిపించాయి. ఒకే ఒక్క చోటు చాలు. అమ్మకు నోరు తిరగకపోతే కొన్నాళ్ళు ‘కన్నా’, ‘బంగారం’ అని పిలవమనండి. పాత పేరు పదేపదే వాడకపోవడమే అప్పటికి సగం పని. మీరు మాత్రం కొత్త పేరుతోనే పిలవండి, ఫోన్లోనూ ఆ పేరుతోనే నంబరు సేవ్ చేసుకోండి. కానీ తను ఇంకా చెప్పుకోని చోట, అంటే ఊళ్ళోనో కాలేజీలోనో, ఏ పేరు వాడాలో తననే అడగండి. ఉత్సాహం కొద్దీ మీరే బయటపెట్టడం కూడా ముప్పే.

కాలేజీలో రెండు పనులు. యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో 2016 సవరణ లింగ గుర్తింపు మీద చేసే వేధింపును కూడా ర్యాగింగ్‌గా చేర్చింది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫిర్యాదు మాటలతో సరిపెట్టకుండా తేదీ, సమయం, స్క్రీన్‌షాట్లతో మెయిల్ పంపాలి. లేకపోతే ‘మా దృష్టికి రాలేదు’ అనే జవాబు ఖాయం. రెండోది, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, ఎల్జీబీటీ విద్యార్థులతో సహా వివక్షకు గురయ్యేవారితో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పాలని అందులో ఉంది. కౌన్సెలర్ లేకపోతే ఈ మార్గదర్శకాలను ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు లేఖ రాయొచ్చు. హాస్టల్ గదే రోజూ నరకమైతే ఫిర్యాదు ఫలితం కోసం ఆగకుండా బయట ఒక గది చూడండి. ముప్పు తగ్గించడంలో చోటు మార్పు చాలా వేగంగా పనిచేస్తుంది.

గుర్తింపు పత్రాలు నెమ్మదిగా సాగే పని, కాబట్టి త్వరగా మొదలుపెట్టడం మంచిది. ఒంటారియో పరిశోధనలోనే, కనీసం ఒక్క ఐడీ అయినా తన గుర్తింపుకు సరిపోయేలా ఉన్నవారిలో ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకున్న సుప్రీంకోర్టు నల్సా తీర్పు, తర్వాత ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019 చట్టం, 2020 నియమాలు వచ్చాయి. 2020లో ఆ నియమాలు పెట్టిన క్రమం ఇది: నేషనల్ పోర్టల్‌లో దరఖాస్తు, దానికి అఫిడవిట్, జిల్లా కలెక్టర్ 30 రోజుల్లో సర్టిఫికెట్, గుర్తింపు కార్డు. సర్టిఫికెట్ చూపి దరఖాస్తు చేస్తే పదో తరగతి మెమో దగ్గర్నుంచి ఆధార్ దాకా మార్చాలి. శస్త్రచికిత్స చేయించుకుంటే సవరించిన సర్టిఫికెట్‌కు మళ్ళీ దరఖాస్తు ఉంటుంది. చట్టాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున పోర్టల్‌లో ఉన్న షరతులు చదివే ముందుకెళ్ళండి. ఎక్కువగా చిక్కు వచ్చేది రెండు చోట్ల. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటే విచారణకు వచ్చినవాళ్ళ ద్వారా ఊళ్ళో తెలిసిపోవచ్చు. ముందు చిరునామా సంగతి చూసుకోవాలి. రెండోది, ఆధార్ మారి పదో తరగతి మెమో మారకపోతే క్యాంపస్ ఇంటర్వ్యూలో పేర్లు కుదరవు. ఫైనలియర్ మొదలయ్యేలోపు మెమోల పని అయిపోయేలా చూసుకోండి.

హార్మోన్ల గురించి మీరు అడగలేదు, కానీ తను ఇప్పటికే ఆలోచిస్తూ ఉండొచ్చు, వాడుతూ కూడా ఉండొచ్చు. మెల్‌బోర్న్‌లో 64 మంది పెద్దవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. టెస్టోస్టిరాన్ కోరుకున్నవారిలో సగం మందికి వెంటనే మొదలుపెట్టి, సగం మందిని మూడు నెలలు ఆపారు. మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిలో, మూడు నెలలకు అవి లేకుండా పోయినవారు వెంటనే మొదలైన గుంపులో 52 శాతం, ఆగిన గుంపులో 5 శాతం. చిన్న ప్రయోగం, అదీ ట్రాన్స్ పురుషుల (ఆడపిల్లగా నమోదై, మగవాడిగా గుర్తించుకునేవారి) వైపువాళ్ళతో. అయినా మనకు కావలసిన సంగతి తెలుస్తోంది: అంతులేకుండా ఆపడం ఖర్చు లేని పని కాదు. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవడం దీనికి పరిష్కారం కాదు. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, అందుకే నిపుణులు దాన్ని వాడొద్దంటారు. మగ హార్మోన్లను అడ్డుకునే సైప్రోటిరోన్ కొందరిలో మనసును కుంగదీస్తుంది, డోసు పెరిగేకొద్దీ ఎక్కువగా. ‘మందులు మొదలుపెట్టాకే దిగులు పెరిగింది’ అంటే మోతాదు ఎంతో అడిగి ఎండోక్రినాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించడం మామూలు పద్ధతి.

సేవలు ఆగిపోయే రోజుల్నీ దృష్టిలో పెట్టుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్ వ్యక్తుల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగడంతో 2025 మొదట్లో మూతపడింది, తర్వాత సబ్‌రంగ్ పేరుతో తిరిగి తెరుచుకుంది. అలాంటి విరామంలో మందులూ కౌన్సెలరూ ఒకే రోజు పోతాయి. కాబట్టి ఇంకో డాక్టరు పేరు రాసి పెట్టుకుని, మందుల చీటీల ఫొటోలు ఫోన్లో ఉంచుకోవాలి. ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యఖర్చు భరించే ఏర్పాటు ఉంది, దానికీ పైన చెప్పిన సర్టిఫికెట్ కావాలి.

తోటి ట్రాన్స్ వ్యక్తుల పరిచయం కాపాడుతుంది. తనలాంటివాళ్ళు ఉద్యోగం చేసుకుంటూ నలభై ఏళ్ళు దాటి బతకడం కళ్ళతో చూస్తే తన భవిష్యత్తును ఊహించుకోవడం సాధ్యమవుతుంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్ అసిస్టెంట్లు విధుల్లోకి వచ్చారు. ఈ వార్తలు అమ్మానాన్నలకూ చూపించండి. ఇల్లు వదిలేసి హిజ్రా గురువు ఇంట్లో చేరడం వేరే విషయం. అక్కడ అన్నం, అండ దొరుకుతాయి, దాంతోపాటు అప్పు, రోజువారీ వసూలు బాధ్యత కూడా నెత్తిన పడొచ్చు. చదువు మానేసి ఆ ఇంటికి చేరడం చాలావరకు ఇంటివాళ్ళు ఫీజు ఆపేసిన తర్వాతే జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్ పెన్షన్ నెలకు 4,000 ఉంది, కానీ కాలేజీ ఫీజుకు అది చాలదు.

తను ఇల్లు వదిలేస్తే ‘మిస్సింగ్’ కేసు పెట్టకండి. మేజరు కాబట్టి పోలీసులు వాంగ్మూలం తీసుకుని వదిలేయాలి, కానీ స్టేషన్ బెంచీ మీద గడిపిన ఆ కొద్ది గంటలు ఇంటితో ఉన్న ఆఖరి దారాన్ని తెంపేస్తాయి. 2024 మార్చిలో దేవు నాయర్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి విషయాల్లో ‘కౌన్సెలింగ్’ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయొద్దని కోర్టులకు చెప్పింది. ఇదే చదివే ట్రాన్స్ పురుషుల ఇళ్ళవాళ్ళకు కూడా ఒక మాట: వాళ్ళకు హిజ్రాల సంఘమైన జమాత్ లాంటి ఆసరా కూడా ఉండదు, గది తలుపు వేసి సంబంధం కుదిర్చేస్తారు. ఆ ఇళ్ళల్లో పెళ్ళి తేదీయే ప్రమాద తేదీ.

చివరిగా రాతపూర్వకంగా చేయాల్సినవి. తనతో కూర్చుని ఒక కాగితం మీద, తన మాటల్లోనే భద్రతా ప్రణాళిక రాయించండి. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు రూపొందించిన ఈ పద్ధతిలో ఆరు మెట్లున్నాయి.

1. దిగజారుతున్నట్టు తనకు తెలిసే గుర్తులు. ‘బాధగా ఉంటుంది’ అని కాకుండా ‘రెండు రాత్రులు నిద్రుండదు, మెసేజీలకు జవాబివ్వను’ అన్నంత వివరంగా.
2. ఒంటరిగా చేయగలిగేవి.
3. మనసు మళ్ళించే మనుషులు, చోట్లు. ఇక్కడ విషయం చెప్పక్కర్లేదు.
4. విషయం చెప్పి సాయం అడగగలిగేవాళ్ళు. కనీసం ఇద్దరు, వాళ్ళను ముందే అడిగి ఒప్పించాలి.
5. డాక్టరు, 14416.
6. ప్రమాదకరమైనవి అందకుండా చేయడం. ఇంట్లో పొలం మందులు, ఎక్కువ మోతాదులో ఉన్న మాత్రలు వేరే ఇంటికి చేర్చడం మీ పని. తను వాడే మందులు వారానికి సరిపడా మాత్రమే దగ్గర ఉండాలి.

ప్రణాళికలో నాలుగో మెట్టు ఖాళీగా ఉంటే మిగతా ఐదూ ఎంత బాగా రాసినా బలం రాదు. ముందు ఆ మనుషులను వెతకండి.

రెండో కాగితం గురించి చాలామందికి తెలియదు. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 2017, సెక్షన్ 14 ప్రకారం మేజరు ఎవరైనా తెల్లకాగితం మీద సంతకం పెట్టి తన నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను నియమించుకోవచ్చు. రక్తసంబంధీకులే కానక్కర్లేదు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, నాన్నతో మాటల్లేని పిల్లకు స్నేహితురాలో మీరో పక్కన నిలబడే హక్కు దీంతో వస్తుంది. అదే చట్టం సెక్షన్ 115 ప్రకారం ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షనే లేదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు నమోదు) రాస్తారు, పోలీసు వచ్చి వివరాలు అడగొచ్చు, అంతే. కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయొద్దు.

డిశ్చార్జి తర్వాతి మూడు నెలలు ముప్పు బాగా ఎక్కువగా ఉండే కాలం. ఇంటికొచ్చింది, నవ్వుతోంది అని అందరూ ఊపిరి పీల్చుకునేది అప్పుడే. వారంలోపు మొదటి ఫాలోఅప్ ఉండాలి, ఆ తేదీ డిశ్చార్జి చీటీ మీద రాయించుకునే బయటికి రండి. వార్డులో పాత పేరుతో పిలిచి అవమానించి ఉంటే తను మళ్ళీ అక్కడికి వెళ్ళదు. కాబట్టి రెండో డాక్టరును ముందే చూసి పెట్టండి, మొదటిసారి మీరే వెంట వెళ్ళండి.